పెదనాన్న నడిచిన నల్లమల బాట

పెదనాన్న 2024 కార్తీకంలో పోయారు. ఆ తర్వాత వచ్చిన శివరాత్రికి శ్రీశైలం ఎవరు నడవాలన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో మిగిలింది నేనే. ఆయన కొడుకు, మా అన్నయ్యకు ఏటి సూతకం. సంవత్సరీకం అయ్యేదాకా కొండ ఎక్కకూడదు. పెళ్ళయిన ఆడపిల్లను కాబట్టి నాకు మూడు రోజులతోనే మైల తీరింది. "నువ్వు వెళ్ళిరా తల్లీ, ఆయన నడక ఆగిపోతే నాకు మనసొప్పదు" అంటూ పెద్దమ్మ తన చేత్తోనే ఆయన సంచీ సర్ది ఇచ్చింది.

ఆయన ఆర్టీసీలో డ్రైవరు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాట్ రోడ్డులో ఏళ్ళ తరబడి బస్సు నడిపారు. శివరాత్రి వస్తే డ్రైవర్లకు సెలవు దొరకడం కష్టం. ఎందరినో కొండకు చేర్చిన మనిషి, తాను నడిచి వెళ్ళాలన్న కోరికను ఉద్యోగం అయిపోయేదాకా మనసులోనే దాచుకున్నారు. రిటైరైన మరుసటి శివరాత్రికే వెంకటాపురం దగ్గర అడవి బాట పట్టారు. ఆ తర్వాత ఒక్క ఏడూ మానలేదు. ఖాకీ యూనిఫాం ప్యాంట్లు పాతబడితే వాటితో సంచీ కుట్టించుకున్నారు. భుజాన ఆ సంచీయే, ప్రతిసారీ.

దారి గురించి రెండు మాటలు చెప్పాలి. ఆత్మకూరు దాటాక వెంకటాపురం నుంచి నల్లమలలోకి దిగితే నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరతాం. సుమారు నలభై కిలోమీటర్ల అడవి. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం దేశంలోకెల్లా పెద్దది. ఈ బాట అందులోనిది కాబట్టి శివరాత్రికి, ఉగాదికి భక్తుల కోసం ప్రత్యేకంగా తెరుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులతో ఈ అడవి నిండిపోతుంది. శివరాత్రికి మన ఊళ్ళ వాళ్ళే ఎక్కువ. మాఘం చివరికే ఎండ మండుతుంది, ఆకులు రాలిపోయి నీడ ఉండదు. ముందు వెళ్ళేవాళ్ళు "చేదుకో మల్లన్నా" అని కేక వేస్తే వెనకవాళ్ళు అందుకుంటారు. ఆ కేకతోనే కాళ్ళు కదులుతాయి.

నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర మజ్జిగ పోస్తున్న ఒకాయన గ్లాసు అందించబోయి నా సంచీ వైపు చూసి ఆగిపోయాడు. "ఇది డ్రైవరయ్య సంచీ కదమ్మా! ఆయన వెనక వస్తున్నారా?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. పెదనాన్న పోయిన మాట ఊళ్ళో చెప్పాం, చుట్టాలకు చెప్పాం, ఆర్టీసీ మిత్రులకు చెప్పాం. అడవిలో కూడా ఆయనకు మనుషులున్నారని మాకు తెలియదు. విషయం చెప్పగానే ఆయన మజ్జిగ గిన్నె మీద మూత పెట్టి, గుడి వైపు తిరిగి దండం పెట్టాడు. ఆ తర్వాత పెద్దచెరువు దగ్గర ఒక చెంచు అవ్వ అడిగింది. రాత్రి అక్కడే పడుకున్నప్పుడు పక్క గుంపులో నుంచి ఎవరో అడిగారు. అడిగిన ప్రతివాళ్ళకూ మళ్ళీ మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. చెప్పిన ప్రతిసారీ వాళ్ళు నాకు తెలియని పెదనాన్నను చూపించారు. ఒకతని తండ్రికి ఎండదెబ్బ తగిలితే పెదనాన్న తోడుగా చెట్టుకింద పొద్దుగూకేదాకా కూర్చున్నారట. ఆయన ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారం వైపు మెట్లు ఎక్కాలి. ప్రోలయ వేమారెడ్డి కాలం నుంచి చెప్పుకునే రాతిమెట్లు. అరికాళ్ళు అప్పటికే పచ్చిపుండ్లయిన వాళ్ళు అక్కడే కూలబడతారు. ఒక అక్క కాలు చాపుకుని ఏడుస్తోంది. సంచీలో పాత పంచె చింపిన పీలికలు, కొబ్బరినూనె సీసా, పసుపు పొట్లం ఉన్నాయి. పెదనాన్న మాకు చిన్నప్పుడు నేర్పిన పద్ధతి అది. కాలు కడిగి తడి పూర్తిగా ఒత్తాలి. బొబ్బ చిదపకూడదు. నూనెలో రంగరించిన పసుపు పైపైన రాసి, పీలికను బొటనవేలి దగ్గర మొదలుపెట్టి, పాదం కిందనుంచి తెచ్చి, మడమ వెనకగా చుట్టి, చీలమండ మీద ముడి వేయాలి. ముడి పక్కకు రావాలి, కిందికి వస్తే అడుగు పడదు. కట్టడం అయ్యాక ఆ అక్క లేచి నిలబడి, ఒక మెట్టు ఎక్కి, నా తల మీద చెయ్యి పెట్టింది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆయన పోయినప్పుడు కూడా అంతగా రాలేదు.

హటకేశ్వరం దగ్గర అన్నం పెట్టే పెద్దాయనకు కూడా సంచీ గుర్తే. విషయం విని చాలాసేపు మాట్లాడలేదు. వడ్డన ముగిశాక వచ్చి పక్కన కూర్చుని, "ఇంటావిడ ఎలా ఉన్నారమ్మా? ఆవిడ చేసిన పొడి తెచ్చి మా అందరికీ పంచేవారు. ఒక్కసారి ఆవిడను తీసుకురండి" అన్నారు.

సాక్షి గణపతి దగ్గర పేరు, గోత్రం చెప్పుకుంటారు. వచ్చినవాళ్ళ పేర్లు ఆ గణపతి చేతిలో కలం, పుస్తకం పట్టుకుని రాసుకుంటాడని నమ్మకం. నా పేరు, అత్తవారి గోత్రం చెప్పాను. తర్వాత పెదనాన్న పేరు, పుట్టింటి గోత్రం చెప్పాను. పెళ్ళయ్యాక నా నోట ఆ గోత్రం రావడం అదే మొదలు.

ఫిబ్రవరి 26 శివరాత్రి. జనంలో అలంకార దర్శనం క్షణంలో అయిపోయింది. పాగాలంకరణ మాత్రం తనివితీరా అనుభవించాను. చీరాల ప్రాంతపు దేవాంగుల ఇంట రోజుకో మూర చొప్పున ఏడాదంతా నేసిన వస్త్రం అది. ఆ రాత్రి గుడిలో దీపాలన్నీ ఆర్పేస్తారు. నేతకారుడు దిగంబరంగా విమాన శిఖరం నుంచి నందుల మీదుగా ఆ పాగాను చుడతాడు. చీకట్లో ఏమీ కనబడదు, వేలమంది పంచాక్షరి తప్ప ఏమీ వినబడదు. దీపాలు వెలిగేసరికి మల్లన్న పెళ్ళికొడుకు. దీని గురించి చెప్పేటప్పుడు పెదనాన్న గొంతు ఎందుకు వణికేదో నాకిప్పుడు తెలుసు.

ఇంటికి రాగానే పెద్దమ్మ ప్రసాదం కళ్ళకద్దుకుని, "ఎవరెవరు అడిగారే?" అంది. ఒక్కొక్కరి గురించే చెప్పాను. మజ్జిగాయన దగ్గర ఆపి మళ్ళీ చెప్పించుకుంది. అన్నం పెట్టే పెద్దాయన మాట విన్నాక, "అయితే పొడి ఎక్కువ కొట్టాలి" అంది.

వచ్చే శివరాత్రికి సంవత్సరీకం అయిపోయి ఉంటుంది. అన్నయ్య ఖాకీ సంచీతో వెంకటాపురం నుంచి నడుస్తాడు. నేను పెద్దమ్మను దోర్నాల మీదుగా బస్సులో తీసుకువెళ్ళి హటకేశ్వరంలో దింపుతాను.