అసలు ‘యాక్చువల్లీ’తో నేను పడ్డ తిప్పలు

జర్మన్ క్లాసులో నా పరువు మొదటి వారమే పోయింది. మీది ఏ ఊరని మేడం అడిగారు. ఉండేది హైదరాబాద్‌లో, యాక్చువల్‌గా మాది కరీంనగర్ అని చెప్పాలి. ఇంగ్లిష్ మాటకు దగ్గరగా ఉందని ‘ఆక్టుఎల్’ తగిలించి చెప్పేశాను. మేడం నవ్వి, “అంటే ప్రస్తుతానికి కరీంనగర్ అన్నమాట. వచ్చే నెల ఏ ఊరండీ?” అన్నారు.

ఆక్టుఎల్ అంటే ‘ప్రస్తుత’, ‘ప్రస్తుతం’. ఇంటికొచ్చి వెతికితే తెలిసింది, దారి తప్పింది జర్మన్ కాదు, ఇంగ్లిషే. ఫ్రెంచ్‌లో ఆక్త్యుఎల్‌మాఁ, స్పానిష్‌లో ఆక్తువాల్‌మెంతె, ఇటాలియన్‌లో అత్తువాల్‌మెంతె, అన్నీ ‘ఇప్పుడు’ అనే చెబుతాయి. అన్నిటి మూలమూ లాటినే. ఇంగ్లిష్ మాట మాత్రం ‘నిజానికి’ దగ్గర స్థిరపడింది.

జర్మన్‌లో మధ్యస్థాయి పరీక్ష అయిన బీ1కు రెండు నెలలే ఉంది. చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, ఒక్కోదాంట్లో 100కి 60 రావాలి. నా టెన్షనంతా మాట్లాడడం గురించే. అక్కడ ఇంకో అభ్యర్థితో కలిసి ఏదో ఒక పని ప్లాన్ చేయాలి. నోట్‌బుక్‌లో ‘యాక్చువల్లీ’ అని రాసుకుని ఎదురుగా ఐగెంట్లిష్, విర్క్‌లిష్, టాట్జెష్లిష్ అని మూడూ బట్టీ పట్టాను. నోరు తెరిస్తే మాత్రం ఎప్పుడూ తప్పుదే వచ్చేది.

ఒకరోజు పాఠంలో ‘వాస్ మాఖ్‌స్ట్ డు ఐగెంట్లిష్ హీర్?’ అనే వాక్యం తగిలింది. ఇంగ్లిష్‌లో ఎంత తిప్పినా ఆ విసుపు, ఆ కుతూహలం రాలేదు. తెలుగులో చూస్తే వెంటనే దొరికింది: “అసలు నువ్విక్కడ ఏం చేస్తున్నావ్?” ఆ సాయంత్రమే నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ వరుస కొట్టేశాను. ఐగెంట్లిష్ అంటే అసలు. టాట్జెష్లిష్ అంటే, వస్తాడో రాడో అనుకున్నవాడు వచ్చినప్పుడు మనమనే “నిజంగానే వచ్చాడే!”

ఈ ‘అసలు’ కూడా మనింటి పిల్ల కాదులెండి. అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చి, అప్పు పత్రాల్లో వడ్డీ పక్కన కూర్చుంది. హిందీవాళ్ల ‘దరఅసల్’ దీని చుట్టమే.

దొరికింది కదా అని ప్రతిచోటా వాడేశాను. ఆదివారం ప్రాక్టీసుకు రమ్మంటే “నాకు అసలు టైం లేదు” అనబోయి ఐగెంట్లిష్ పెట్టాను. “సరే, బతిమాలితే వస్తారన్నమాట” అన్నారు మేడం. నిజమే, అక్కడ ఐగెంట్లిష్ వెనకాల ఒక ‘కానీ’ దాక్కుని ఉంటుంది. మన ‘అసలు’ పక్కన ‘లేదు’ చేరిందంటే ఇక బేరం ఉండదు. దానికి యూబర్‌హౌప్ట్ కావాలి. ఆ ‘కానీ’ ఉన్న అర్థానికి మన దగ్గర వేరే మాట ఉంది: అసలైతే. “అసలైతే శనివారం వద్దామనుకున్నా” అనగానే రావట్లేదని ఎదుటివాళ్లకు తెలిసిపోతుంది.

పరీక్షలో జోడీగా వచ్చినమ్మాయి శనివారం కలుద్దామంది. ‘అసలైతే’ అని మనసులో అనుకుని ఐగెంట్లిష్‌తో మొదలుపెట్టాను. ఆమె నేను ‘కానీ’ అనకముందే, మరి ఆదివారం వీలవుతుందా అని అడిగింది. మాట్లాడడంలో 78 వచ్చాయి. రాయడంలో 63తో బయటపడ్డాను. అందులో ఒకచోట కావాలనే ఆక్టుఎల్ రాశాను: ప్రస్తుతం ఉద్యోగం వెతుక్కుంటున్నాను అని.