స్టీరింగ్ ఎయిర్‌బ్యాగ్ నేనే విప్పిన - నా అనుభవం

నిన్న పొద్దుగూకే టైంకు పని అయిపోయింది, వేళ్లు ఇంకా గుంజుతున్నయ్, అయినా మర్చిపోకముందే రాస్తున్న.

మాది నల్లగొండ, కారు సెకండ్‌హ్యాండ్‌ల కొన్నది. నెల కింద హారన్ బందయింది, రెండ్రోజులకే మీటర్ల ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి ఇగ ఆరలే. ఈ రెండు కలిసి వచ్చినయంటే ఎక్కువ శాతం క్లాక్‌స్ప్రింగే పోయి ఉంటది, స్టీరింగ్ ఎంత తిరిగినా తెగకుండ హారన్‌కు ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట కేబుల్ అది. బైపాస్ మీద ఒక మెకానిక్ "రెసిస్టర్ పెడ్త సార్, లైట్ పోతది" అన్నడు. రెసిస్టరంటే ఎయిర్‌బ్యాగ్ సక్కగనే ఉన్నట్టు బండి కంప్యూటర్‌ను నమ్మించే చిన్న ముక్క. లైట్ పోతది సరే, గుద్దుకున్ననాడు బ్యాగ్ తెరుచుకుంటదా అనడిగితే నలుగురి ముంగట "అన్ని తెలిస్తే నువ్వే విప్పుకో పో" అన్నడు. ఇంట్ల ఇద్దరు పిల్లలున్నరు నాకు. లైట్ ఆర్పుడే రిపేరనేటోళ్ల చేతికి బండి ఇయ్యకండి.

సికింద్రాబాద్ల పార్టుల బజారు రాణిగంజ్‌కు పోయి కొత్త క్లాక్‌స్ప్రింగ్ తెచ్చిన. 10 నంబర్ పానాతో బ్యాటరీ మైనస్ వైరు తీసి పక్కకు కట్టిన. మా బండి మాన్యువల్ల 90 సెకండ్లు ఆగమని ఉంది, నేను అర్ధగంట ఆగిన. యాక్సిడెంట్ల బ్యాటరీ తెగినా బ్యాగ్ పేలాలని లోపల కెపాసిటర్ల కరెంటు నిలవ ఉంటది, అది దిగేదాకా చెయ్యి పెట్టొద్దు. 50 మిల్లీసెకండ్లలోపే నిండే వస్తువది, మూతికి తగిలితే ఏమైతదో చెప్పనక్కర్లేదు.

ఎయిర్‌బ్యాగ్ ఉండే ప్యాడ్‌ను స్టీరింగ్ మధ్యల రెండు క్లిప్పులు పట్టుకొని ఉంటయ్, అసలు గోస ఎడమ క్లిప్ దగ్గర. స్టీరింగ్ వెనక అటొకటి ఇటొకటి బొక్కలుంటయ్, సన్న స్క్రూడ్రైవర్ పెట్టి లోపలి స్ప్రింగ్ తీగను జరపాలె. కుడిది ఒక్కసారికే టక్కుమన్నది. ఎడమది గంటన్నర అయినా రాలే. ఇంజిన్ బంద్ ఉంటే స్టీరింగ్ బండరాయే, దాన్ని సగం తిప్పి, కింద మోకాళ్ల మీద కూసోని, ఫోన్ లైట్ వేసి చూస్తే బొక్కల నల్లటి ప్లాస్టిక్ తప్ప ఏం కనవడలే, చెమట కండ్లల్ల వడ్తుంది, గుంజితే ఇరుగుతదని భయం, ఒక దశల ఆ మెకానిక్ మాటే నిజమేమో అనిపించి కడుపుల మండింది. బామ్మర్ది చిన్న అద్దం పట్టుకుంటే అప్పుడు కనవడ్డది, సన్నటి వంకర తీగ. నేను సీదా లోపలికి పొడుస్తున్న, దాన్ని స్టీరింగ్ మధ్య దిక్కు వంచాలె. అట్ల అననో లేదో ప్యాడ్ వదులయింది. బండ్లను బట్టి కొన్నిట్ల క్లిప్పులు కాకుండ బోల్టులుంటయ్, ముందే మీ బండి మాన్యువల్ చూడుండ్రి.

ప్యాడ్ ఒక్కసారే గుంజొద్దు, వెనక పసుపుపచ్చ కనెక్టర్ ఉంటది, లాక్ ముక్క పైకి లేపినంకనే వస్తది. ఆ వైర్లకు మల్టీమీటర్ గాని టెస్ట్ ల్యాంప్ గాని పెట్టొద్దు, దాని చిన్న కరెంటుకే పేలొచ్చు. విప్పిన ప్యాడ్‌ను ముఖం బయటి దిక్కు ఉండేటట్టు పట్టుకొని పోయి, నేల మీద ముఖం పైకే పెట్టాలె. బోర్లేస్తే, ఒకవేళ పేలితే ప్యాడే గాల్లకు లేస్తది. నేను పిల్లల్ని ఇంట్లకు తోలి గొళ్లెం పెట్టిన.

తర్వాత పని అల్కగనే అయింది, చక్రాలు సీదా పెట్టి, స్టీరింగ్ నట్ విప్పేముందు గుర్తు గీసుకున్న, కొత్త చుట్టను మధ్యల నిలిపి బిగించిన. బ్యాటరీ కలిపేటప్పుడు కారుల ఎవ్వర్ని కూసోనియ్యలే.

హారన్ మోగింది. లైట్ మాత్రం ఆరలే, పాత తప్పు కోడ్ బండి కంప్యూటర్ల నిలిచి ఉంటదంట. ఆ కోడ్ చదివే స్కానర్ ఉన్న పిల్లగానితోని క్లియర్ చేపించిన, ఇప్పుడు తాళం తిప్పితే వెలిగి కొన్ని సెకండ్లకు ఆరుతుంది. మీరైతే విప్పకముందే ఒకసారి స్కాన్ చేపించుకొని, తప్పు ఏ పార్టుదో చూస్కొని మొదలుపెట్టుండ్రి.