మిర్చి యార్డు గుమాస్తా కన్ను

గుంటూరు మిర్చి యార్డులో ఓ కమీషన్ కొట్టులో గుమాస్తాని. టిక్కీ, అంటే మిర్చి బస్తా, విప్పి గుప్పెడు కాయ చేతిలోకి తీసుకుంటే రకం తేజనా, 334నా, తాలు, అంటే రంగు పోయిన కాయ, ఎంత కలిసిందో చెప్పాలి. కిందటేడు ఎర్ర కాయకీ తాలుకీ తేడా తెలియడం మానేసింది. అన్నీ ఒకే మట్టి రంగు. రాత్రి బండి మీద వస్తుంటే ఎదురొచ్చే లైట్లు చిమ్మినట్టయ్యి దారి కనపడేది కాదు. ఘాటుకి కళ్లు పాడయ్యాయని ఇంట్లో తేల్చేశారు.

"ఘాటు కాదండీ, శుక్లం. కంట్లో లెన్సు మసకబారింది, చుక్కల మందుతో కరగదు, ఆపరేషన్ చేసి తీసేసి కొత్త లెన్సు పెట్టాలి" అన్నారు డాక్టరు.

మొదట వెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో లెన్సుల రేట్ల పట్టిక ముందు పెట్టి, ఖరీదైనది వేయించుకోకపోతే చూపే రాదన్నట్టు మాట్లాడారు. టెన్షన్‌తో బయటపడ్డాను. మా తోడల్లుడు ఓ ట్రస్టు ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పూర్తిగా ముదరనీ, ఎండాకాలం అసలొద్దు అని మా పెద్దమ్మ పోరు. ముదిరితే గట్టిపడి తీయడమే కష్టమవుతుందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది.

కంటి పక్కన మత్తు ఇంజెక్షన్, నొప్పంటే అదొక్కటే. ముఖం మీద గుడ్డ కప్పారు. నీళ్లలో మునిగి పైనున్న ట్యూబ్‌లైట్‌ని చూస్తున్నట్టు ఉంది. పక్క బల్ల మీద ఇంకో ముసలాయన్ని అప్పటికే సిద్ధంగా పడుకోబెట్టారు. నాది అయిపోగానే డాక్టరమ్మ స్టూలు అటు తిప్పుకుంది. ఆరేడు మిల్లీమీటర్ల కోత, దానంతటదే మూసుకుంటుంది, కుట్టు ఉండదు. ఖరీదైన మిషను అక్కర్లేదు కాబట్టే ఖర్చు తక్కువ.

కంటికి కట్టుతో పడుకుంటే మా అమ్మాయి ఫోన్‌లో చదివి వినిపించింది. ఈ రెండు బల్లల పద్ధతికి పేరుపొందింది మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రట. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోయిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టారు. డబ్బిచ్చేవాళ్ల సొమ్ముతోనే ఇవ్వలేనివాళ్లకూ చేస్తారు. విదేశీ లెన్సు 100 డాలర్ల దాకా ఉన్న రోజుల్లో, 1992లో ఆరోల్యాబ్ అని లెన్సుల ఫ్యాక్టరీ పెట్టి సొంతంగా తయారుచేసి 10 డాలర్లకు దించారు. నేపాల్లో కంటి డాక్టర్ సందుక్ రూయిత్ కూడా ఆపరేషన్లు ఇలాగే చవకగా చేశారు. చవకంటే నాసిరకమేమోనన్న నా అనుమానం అక్కడితో పోయింది. వ్యాపారంలో ఉన్నవాణ్ణి, రేటు ఎక్కడ తగ్గిందో తెలిస్తేనే సరుకు మీద నాకు నమ్మకం.

మర్నాడు కట్టు విప్పారు. విప్పిన దూదిని ఆ కంటితో చూస్తే తెల్లగా ఉంది. రెండో కంటితో చూస్తే పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. ముందురోజు ఆకుపచ్చ అనుకున్న వార్డు గోడ నీలం.

ఆ తర్వాత నల్ల కళ్లజోడు, చుక్కల మందు, తలస్నానం బంద్, బరువులు బంద్, యార్డు దుమ్ము అసలే బంద్. ఏదైనా తినొచ్చని డాక్టరమ్మ ఎంత చెప్పినా మా ఆవిడ గోంగూర పెట్టలేదు. ఆ విషయంలో ఏ డాక్టరు మాటా మా ఇంట్లో చెల్లదు.

ఇప్పుడు తాలు దూరం నుంచే పట్టేస్తున్నాను. పద్దులు రాయడానికి మాత్రం దగ్గరి చూపు అద్దాలు తప్పలేదు, ఈ లెన్సుతో అంతేనని ముందే చెప్పారు. రెండో కన్ను సీజన్ అయ్యాక చేయించుకుంటాను. అప్పటికి ఎండలు మండుతుంటాయి. పెద్దమ్మకి ఇంకా చెప్పలేదు.