కార్డు ఎప్పుడు అడుగుతానంటే

నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు. అమెరికాలో ఒక చిన్న హాస్పిటల్ ఎమర్జెన్సీలో రాత్రి షిఫ్టు రిజిస్ట్రేషన్ నాది. చక్రాల బల్ల మీద కంప్యూటర్ తోసుకుంటూ మంచం మంచానికీ తిరుగుతాను. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఆఖర్న ఇన్సూరెన్స్ కార్డు. తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కా, ఇన్సూరెన్స్ లేకపోతే లోపలికి రానిస్తారా?"

రానిస్తారు. 1986లో ఎంటాలా అనే చట్టం వచ్చింది. మెడికేర్ (ముఖ్యంగా పెద్ద వయసువాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్) డబ్బు తీసుకునే హాస్పిటల్లో ఎమర్జెన్సీ విభాగం ఉంటే, వైద్యం కోసం వచ్చిన ప్రతి మనిషినీ పరీక్ష చేసి చూడాల్సిందే. ప్రమాదంలో ఉంటే నిలకడ పడేదాకా వైద్యం చేయాలి, తమ చేత కాకపోతే చేయగలిగిన చోటికి పంపాలి. డబ్బు సంగతి తేల్చుకోడానికని ఇవేవీ ఆపకూడదు. అందుకే నేను ముందు పేరు, పుట్టిన తేదీ రాసుకుని పక్కకి తప్పుకుంటాను. చేరిన మొదటి వారంలో ఒకాయన కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే కార్డు అడిగాను. ఛార్జ్ నర్సు, అంటే ఆ షిఫ్టులో నర్సులకి పెద్ద, ఒక్క మాట అనకుండా నా బల్లని కాలితో వెనక్కి నెట్టింది.

ఆ చట్టం ఊరికే రాలేదు. షికాగోలోని కుక్ కౌంటీ ప్రభుత్వ ఆసుపత్రికి వేరే ఆసుపత్రులు తోసేసిన 467 మంది గురించి అదే ఏడాది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన అచ్చయింది. 87 శాతం మందిని పంపేయడానికి చెప్పిన కారణం, సరైన ఇన్సూరెన్స్ లేదని. ఇంకో సంగతి: ఉద్యోగం పోయినప్పుడు పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకోడానికి మనవాళ్లు వెతుక్కునే కోబ్రా కూడా దీనికి చుట్టమే. ఎంటాలా ఆ కోబ్రా చట్టంలోని ఒక ముక్కే.

"అయితే ఫ్రీయేగా?" అంటారు వెంటనే. కాదు. బిల్లు ఇంటికొస్తుంది.

ఇద్దరి గురించి చెప్తాను, ఆనవాళ్లు మార్చి. ఒక కుర్రాడు ఇంటి చూరుకున్న గటర్లు శుభ్రం చేస్తూ నిచ్చెన మీంచి పడ్డాడు. మోకాలి కింది ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఉద్యోగం పోయి మూడు వారాలైందట, కార్డు లేదు. పనిచేసిన చోట 20 మంది కూడా లేరు కాబట్టి కోబ్రా కూడా వర్తించదు. మా దగ్గర రాత్రిళ్లు ఎముకల సర్జన్ ఉండడు. యాంటీబయాటిక్ ఎక్కించి, కట్టు కట్టి, గంటన్నరలో ట్రామా సెంటర్‌కి, అంటే పెద్ద దెబ్బలకి రాత్రీపగలూ సర్జన్లు ఉండే ఆసుపత్రికి, పంపేశారు.

రెండో ఆయనది కారు ప్రమాదం. ప్లీహం చిట్లింది, కటి ఎముక విరిగింది. కంపెనీ ఇన్సూరెన్స్, మేలిరకం. "ఇక్కడే చూసుకుందాం" అన్నారు మా డాక్టర్లు. తెల్లవారుజామున బీపీ పడిపోయాక హెలికాప్టర్ పిలిచారు. బతికాడు. కార్డు వల్లే ఉంచేశారని నేను అనలేను, అక్కడ కూర్చుని చూసేదాన్ని మాత్రమే. కానీ 2014లో జామా సర్జరీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం చదివాక ఆ రాత్రే గుర్తొచ్చింది. ట్రామా సెంటర్ కాని ఆసుపత్రులకి ముందుగా చేరిన తీవ్ర క్షతగాత్రుల్లో, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లనే అక్కడే చేర్చుకునే అవకాశం ఎక్కువని తేలింది. లేనివాళ్లని పెద్ద చోటికి పంపేస్తున్నారు. మంచి కార్డు ఉంటే మంచి వైద్యం అనుకునేదాన్ని అప్పటిదాకా.

కాబట్టి మీవాళ్లెవరైనా పెద్ద దెబ్బలతో చిన్న ఆసుపత్రిలో పడితే కార్డు కోసం పర్సు వెతుక్కుంటూ కూర్చోకండి. "ఇక్కడ ట్రామా సర్జన్ ఉన్నారా? లేకపోతే ఎప్పుడు పంపుతారు?" అని అడగండి. సిగ్గుపడొద్దు. నెట్‌వర్క్ బయటి ఆసుపత్రి, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం లేనిది, బిల్లు ఎక్కువేస్తుందన్న భయం కూడా ఇప్పుడు కొంత తగ్గింది. 2022 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ల మీద ఎమర్జెన్సీలో ఆ అదనపు బిల్లు వేయకూడదు. హెలికాప్టర్‌కీ ఇది వర్తిస్తుంది. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్‌కి మాత్రం వర్తించదు. గాల్లో ఎగిరితే రక్షణ ఉంది, నేల మీద పోతే లేదు!

ఆ కుర్రాడు నెలన్నర తర్వాత మళ్లీ మా దగ్గరికే వచ్చాడు. ట్రామా సెంటర్లో ఆపరేషన్ బాగానే చేశారు. కాలికి బయట బిగించిన కడ్డీలు అలాగే ఉన్నాయి, అవి చర్మంలోకి దిగేచోట చీము. పరిస్థితి నిలకడ పడి డిశ్చార్జ్ అయ్యాక ఎంటాలా పని అయిపోయినట్టే. ఎముకల డాక్టర్ క్లినిక్ ఎమర్జెన్సీ కాదుగా, అక్కడ ముందుగా కట్టమన్న డబ్బు అతని దగ్గర లేదు. రెండు అపాయింట్‌మెంట్లు వదిలేశాడు. ఫిజియోథెరపీ మొదలే పెట్టలేదు.

పేరు, పుట్టిన తేదీ అడిగి పక్కకి తప్పుకున్నాను. డాక్టర్ చూసి వెళ్లాక బల్ల తోసుకుంటూ మళ్లీ మంచం దగ్గరికి వెళ్లాను. నేను నోరు తెరవకముందే, "ఇంకా లేదండీ" అన్నాడు.