మూడు కాళ్ల కెమెరా స్టాండు, పదకొండు రోజుల తిరుగుడు: నా అనుభవం

నిన్న రాత్రి పదింటికి ఇంటికొచ్చి బ్యాగు మూలన పడేశాను, దాని జిప్పుల్లో ఇంకా పులికాట్ సరస్సు ఉప్పుమట్టి అలాగే ఉంది. రెండు రోజుల ప్రీవెడ్డింగ్ షూట్, మూడు లొకేషన్లు, దానికి ముందు పన్నెండు రోజుల ఏర్పాట్లు. ఆ పన్నెండులో పదకొండు రోజులు ఒకే ఒక్క అనుమతి కాగితం కోసం తిరిగాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

తిరుపతిలో నాది చిన్న స్టూడియో. ధనుర్మాసంలో ముహూర్తాలుండవు కదా, మాఘంలో పెళ్లి పెట్టుకున్న వాళ్లందరూ ఆ నెలలోనే ప్రీవెడ్డింగ్ అంటూ ఒక్కసారే మీద పడతారు. ఈ జంట కూడా అంతే. అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, ‘ఇలా కావాలన్నా’ అని వాట్సాప్‌లో పంపిన ఫొటోలన్నీ లడఖ్‌వి. మంచు తేలేను గానీ ఉప్పునీళ్లు చూపిస్తానని చెప్పి మొదటి రోజు పులికాట్, రెండో రోజు పొద్దున తలకోన జలపాతం, సాయంత్రం ఒక పాత బంగళా అని ప్లాన్ వేశాను. కారు, మేకప్ అమ్మాయి, అసిస్టెంట్ కుర్రాడు, అన్నీ ఒక్క పూటలో కుదిరాయి. బ్యాటరీలు, మెమరీ కార్డులు అంటారా, పదకొండేళ్లలో నా దగ్గర ఒక్క కార్డు కూడా పోలేదు, ఆ విషయంలో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సేఫ్టీ పిన్నులు మాత్రం రెండు ప్యాకెట్లు పెట్టుకోండి, లెన్సు మర్చిపోయినా ఇంకోదానితో నెట్టుకురావచ్చు, గాలిలో కొంగు నిలవకపోతే ఏమీ చేయలేం.

ఇక ఆ బంగళా. చంద్రగిరి కోట అనుకుంటారేమో, కాదు. చంద్రగిరి సంగతి నాకు ఎప్పుడో తెలిసొచ్చింది, మ్యూజియంకి శుక్రవారం సెలవని చూసుకోకుండా ఒక శుక్రవారం జంటను తీసుకెళ్లి మాటలు పడ్డాను. అలాంటి పురావస్తు కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలని కూడా తెలుసు. ఇది వేరే, చిత్తూరు వైపు మామిడి తోటలో ఉండే పాత బంగళా, ఒక ఆఫీసు చేతిలో ఉంది. ఏ ఆఫీసో చెప్పను, రేపు మళ్లీ వాళ్ల గడప తొక్కాల్సింది నేనే.

మొదటి రోజు, బంగళాలో ట్రైపాడ్ పెట్టి ఫొటోలు తీసుకోడానికి అనుమతి ఇవ్వమని తెల్లకాగితం మీద అర్జీ రాసుకుని ఆ ఆఫీసుకి పోయాను. సీట్లో ఉన్నాయన వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, ‘ట్రైపాడ్ అంటే ఏందప్పా?’ అన్నాడు. కెమెరా పెట్టే స్టాండు సార్, మూడు కాళ్లుంటాయి అన్నాను. ‘అంటే నేలలో దిగేస్తారా?’ లేదు సార్, ఊరికే నిలబెడతాం. ‘లెటర్‌హెడ్ మీద రాసుకుని రా. స్టూడియో అంటున్నావు, లెటర్‌హెడ్ కూడా లేదా?’ వెనక లైన్లో ఎవరో నవ్వారు. జిరాక్స్ షాపులో అప్పటికప్పుడు లెటర్‌హెడ్ చేయించాను, దానిమీద నా స్టూడియో పేరు నా బోర్డు మీదకన్నా గొప్పగా వచ్చింది. మర్నాడు పోతే ఆయన సెలవు. ఆ తర్వాత పై సారు క్యాంపు. నాలుగోసారి పోతే ఆధార్ జిరాక్సులు, అమ్మాయి తరఫు పెద్దవాళ్ల సంతకం కావాలన్నారు, అదీ మనిషి ఎదురుగా వచ్చి పెట్టాలట.

అమ్మాయి నాన్న ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పాపం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. సీట్లో ఆయన ఆ రోజు ఎర్ర పెన్ను తీసి నా అర్జీలో ‘ప్రీవెడ్డింగ్’ అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, గది మొత్తానికి వినపడేలా, ‘పెళ్లి కాకముందే వీళ్లిద్దరికీ బంగళా ఎందుకప్పా?’ అన్నాడు. ఫ్యాన్ తిరిగే చప్పుడు తప్ప ఏమీ లేదు. పక్క సీటావిడ టైపు కొట్టడం ఆపేసింది. నేను ఏదో చెప్పబోయాను, నోట్లోంచి ‘కాన్సెప్ట్ సార్’ అని మాత్రం వచ్చింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పెద్దాయన మాత్రం ఏమీ అనలేదు, జేబులోంచి పెన్ను తీశారు, మళ్లీ జేబులో పెట్టేశారు. మెట్లు దిగేటప్పుడు, ‘ముప్పై ఏళ్లు బస్సులో రకరకాల మాటలు పడినాను నైనా, బిడ్డ గురించి మాత్రం ఎవరూ అనలేదు’ అన్నారు. నాకు ఏం చెప్పాలో తెలియలేదు, టీ తాగుదాం రండి సార్ అన్నాను.

ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. అనుమతి ఇవ్వకూడదంటే ఇవ్వొద్దు, రూల్ లేదని చెబితే ఇంకో చోటు చూసుకుంటాం. ఇంటి పెద్దను నిలబెట్టి ఆ మాటలేంటి? సీట్లో కూర్చున్న ప్రతివాడూ మేనమామ అయిపోతే ఎట్లా?

టీ కొట్లో ఆ ఆఫీసు అటెండరే దారి చూపించాడు. ‘ప్రీవెడ్డింగ్ తీసేసి కుటుంబ ఛాయాచిత్రాలు అని రాయన్నా, సాయంత్రానికి అయిపోతుంది.’ రాశాను. నిజంగానే సాయంత్రానికి అయిపోయింది! అదే మనిషి, అదే ఎర్ర పెన్ను.

షూట్ సంగతి నాలుగు ముక్కల్లో చెప్పేస్తా. పులికాట్‌కి తెల్లవారుజామున మూడున్నరకే బయల్దేరండి, జనవరిలో సూర్యుడు 6:40 ప్రాంతంలో వస్తాడు, మేకప్‌కి గంట పోతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకి రెండు పక్కలా నీళ్లే. రాజహంసల దగ్గరికి నడిచి పోవద్దు, లేచిపోతాయి, ఆ రోజుకి ఇక అంతే. జంటను ఇవతల నిలబెట్టి, దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించే 200 ఎంఎం లెన్సుతో తీస్తే వెనక గులాబీ గీతలాగా వస్తాయి, అది చాలు. డ్రోన్ ఇంట్లో పెట్టేసి రండి, పక్కన ఉన్నది రాకెట్లు ఎగిరే చోటు. తిరుమల కొండ మీద కూడా డ్రోన్ ఊసెత్తొద్దు. తలకోనకి మబ్బు పట్టిన రోజు మేలు, ఎండ పడితే ఫొటోలో నీళ్లు ఉత్త తెల్లటి మచ్చలాగా వస్తాయి. 270 అడుగుల ఎత్తు నుంచి పడే నీళ్లు కదా, తుంపర లెన్సు మీద పడుతూనే ఉంటుంది, పాత నూలు బనియన్ గుడ్డ ఒకటి పెట్టుకోండి. అబ్బాయి స్నేహితుడు ‘ఐఫోన్‌లో ఇంకా బాగా వస్తుంది బ్రో’ అంటూ ముందుకు పోయి రాయి మీద జారి కూర్చున్నాడు. దెబ్బేమీ తగల్లేదు. నాకు మాత్రం ఆ పూట హాయిగా గడిచింది.

బంగళా దగ్గరికి మూడింటికి చేరాం. వాచ్‌మన్ కాగితం తీసుకుని, చేత్తో దూరంగా పట్టుకుని చదివి, ‘కుటుంబం అని ఉంది, ఇద్దరే ఉన్నారే?’ అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ‘ఇందులో ఏముందో అదే సామీ నాకు.’ వెలుగు పోతోంది, సాయంత్రం ఆరు దాటితే ఆ తోటలో ఏమీ మిగలదు. ఇక గత్యంతరం లేక పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆయన, భార్య, ఒక మేనత్త, ఇద్దరు పిల్లలు ఆటోలో నాలుగున్నరకి దిగారు, చేతిలో స్టీలు క్యారియర్, అందులో మురుకులు, ఓలిగలు (బొబ్బట్లు). వాచ్‌మన్ వేలితో తలలు లెక్కపెట్టి గేటు తీశాడు, తర్వాత ఆయనా వరండాలో కూర్చుని రెండు ఓలిగలు తిన్నాడు.

అందరూ అక్కడే కూర్చుని ఉంటే అమ్మాయి సిగ్గుతో బిగుసుకుపోయింది. అబ్బాయి చేయి ఎక్కడ పెట్టాలో తెలియక ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు. లడఖ్ పోజులన్నీ మామిడి చెట్ల కిందే ఆగిపోయాయి. అయిదున్నరకి వెలుగు వరండా స్తంభాల మధ్య నుంచి వాలుగా పడింది, ఆ వెలుగులో పెద్దాయన తన భార్య జుట్టులోంచి ఏదో ఎండుటాకు తీస్తున్నారు. పదకొండు రోజులు తిరిగి తెచ్చుకున్న ట్రైపాడ్ అవతల చెట్టు కింద ఉంది. చేత్తోనే తీశాను, మూడు ఫ్రేములు.

ఈ పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. జంట ఫొటోలు తీరిగ్గా ఇవ్వండన్నా, అమ్మానాన్నది మాత్రం పన్నెండు బై పద్దెనిమిది సైజు ఫ్రేము కట్టించి ఈ వారంలో ఇచ్చేయండి అంది. అడ్వాన్స్ ఇంకా వేయలేదు.