గ్రూప్-1 మెయిన్స్: విద్యుత్ సంస్కరణలు నాకు పట్టుబడింది ఇలా

ఫలితాలు వచ్చినప్పటి నుంచి అందరూ అడుగుతున్నది ఒకటే, ఎకానమీ పేపర్ ఎలా చదివారని. మిగతా చాప్టర్లన్నీ మీరు చదివినట్టే చదివాను, కొత్తగా చెప్పేదేమీ లేదు. విద్యుత్ సంస్కరణల గురించి మాత్రం చెప్పాలి. మెయిన్స్ ఆన్సర్ అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది.

ఏ నోట్సు తీసినా ఈ టాపిక్ తేదీల వరసే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో (ఉత్పత్తి), ట్రాన్స్‌కో (పెద్ద లైన్లు)లుగా విడిపోవడం, 2000లో నాలుగు డిస్కంలు (మనకు కరెంటు పంపిణీ చేసే కంపెనీలు), అదే ఏడాది ఛార్జీల పెంపు, దానిపై నిరసన తెలిపినవారి మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు, 2003 కేంద్ర చట్టం, 2004లో రైతులకు ఉచిత విద్యుత్. ఇవన్నీ నోటికి వచ్చినా, బోర్డును విడగొట్టాక కూడా నష్టాలు ఎందుకు పోలేదంటే జవాబు దొరకదు.

నాకు అది ఈఆర్‌సీ (విద్యుత్ నియంత్రణ కమిషన్) టారిఫ్ ఆర్డర్‌లో, అంటే కరెంటు ఛార్జీలు నిర్ణయించే ఉత్తర్వులో దొరికింది. మాది బోరు కింద సేద్యం, మోటారుకు మీటరు లేదు. మరి మేం వాడిన కరెంటు లెక్క ఎక్కడిది? నమూనాగా కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి, ఆ రీడింగును బట్టి పంపుసెట్లన్నిటికీ అంచనా కడతారు. ఆ అంచనా ఎక్కువ వేస్తే లైన్ లాస్, దొంగ కనెక్షన్లు కూడా రైతు ఖాతాలో కలిసిపోతాయి. నష్టం ఎంతో తేలకుండా తగ్గించేదెలా?

నష్టాలు పోకపోవడానికి రెండో కారణం 2003 చట్టం సెక్షన్ 65 దగ్గర కనిపిస్తుంది. ప్రభుత్వం రాయితీ ఇవ్వాలనుకుంటే ఆ సొమ్ము డిస్కంకు ముందే కట్టాలి. ఆలస్యమైతే డిస్కం అప్పు తెచ్చి కరెంటు కొంటుంది, వడ్డీ మీద వడ్డీ. డిస్కంలను అప్పుల నుంచి గట్టెక్కించే కేంద్ర పథకం ఉదయ్‌లో 2015 సెప్టెంబరు నాటి అప్పులో 75 శాతం రాష్ట్రాలు నెత్తిన వేసుకున్నాయి. యూనిట్ ఖర్చుకూ రాబడికీ మధ్య తేడా పూడకపోతే అప్పు మళ్లీ పేరుకుంటుంది. 2021లో వచ్చిన మరో కేంద్ర పథకం ఆర్‌డీఎస్ఎస్ కూడా ఆ తేడానే సున్నా చేయమంది.

ప్రైవేటుకిస్తే చాలని రాసేవాళ్లు ఒడిశాను చూడాలి. 1999లో డిస్కంలను ప్రైవేటుకిచ్చింది. వాటిలో ఒకదాన్ని తీసుకున్న అమెరికా కంపెనీ ఏఈఎస్ 2001లో తప్పుకుంది, మిగతా మూడింటి లైసెన్సులను 2015లో కమిషన్ రద్దు చేసింది.

ఒక్క చాప్టర్‌కు ఇంత టైం ఎందుకని రూమ్మేట్లు అన్నారు. ఆ టైం వృథా కాలేదని ఈరోజు గట్టిగా చెప్తాను. ఉచిత విద్యుత్‌ను తిట్టేయడం తేలిక. ఆ కరెంటు లేకపోతే మా నాన్న రెండో పంట వేయలేడన్న సంగతినీ, డిస్కం అప్పులనూ ఒకే ఆన్సర్‌లో న్యాయంగా రాయాలంటే ఓపిగ్గా కూర్చోవాలి. ఎన్ని గంటలు చదివామని లెక్కపెట్టుకుంటే అది రాదు.

మీ డిస్కం తాజా టారిఫ్ ఆర్డర్ దించుకోండి. ముందు వ్యవసాయ వినియోగం అంచనా ఉన్న చాప్టర్ చదవండి. డిస్కం అడిగిన అంకె, కమిషన్ ఒప్పుకున్న అంకె పక్కపక్కన రాసుకుని, కమిషన్ చెప్పిన కారణాలను మీ మాటల్లో ఒక పేజీలో పెట్టండి.