కాకీ మంచూ హెమ్‌లాక్ చెట్టూ

జనవరి నెలాఖరు, మంగళవారం

సంక్రాంతి సెలవులు అయ్యాయంటే పదో తరగతికి రివిజన్ తప్ప ఇంకో పని ఉండదు. ఈ రోజు వరసగా రెండు పీరియడ్లు నాకే వచ్చాయి. ఇంగ్లీషు పోయెట్రీ మొత్తం ఒకసారి తిరగేయాలని, లిటరరీ డివైసెస్, అంటే మన అలంకారాల్లాంటివి, మళ్లీ చెప్పాలని ప్లాన్.

ముందు పిల్లల నోట్సులు చూశాను. ప్రతి పోయెమ్ కిందా ఒక టేబుల్ గీసుకున్నారు. రైమ్ స్కీమ్ (లైన్ల చివరి ప్రాసల వరస) ఇది, మెటఫర్ (రూపకం) ఫలానా లైన్లో, అలిటరేషన్ (ఒకే శబ్దంతో మొదలయ్యే మాటలు) ఫలానా లైన్లో, సింబల్ (గుర్తు) ఇది. చాలావరకు తప్పులేమీ లేవు. పుస్తకాలు మూయించి "సరే, డస్ట్ ఆఫ్ స్నోలో అసలు ఏం జరిగింది?" అంటే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. టేబుల్ నోటికి వచ్చు, పోయెమ్ రాదు. పరీక్ష దగ్గర పడేకొద్దీ ఇదే నాకు గుబులు. పేర్లు పెట్టడం చదవడం కాదు. ఆ పేర్లు తెలిసినా చదవడం తెలియని పిల్లలు రేపు ఏ కవిత ముందు నిలబడినా ఖాళీ చేతులతోనే తిరిగొస్తారు.

అందుకే ప్లాన్ పక్కన పెట్టి మొదటి పీరియడ్ అంతా ఆ ఒక్క పోయెమ్‌కే ఇచ్చేశాను. అమెరికన్ కవి రాబర్ట్ ఫ్రాస్ట్ రాసినది. 1923లో వచ్చిన "న్యూ హాంప్‌షైర్" సంపుటిలో ఉంది, ఆ సంపుటికి మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి వచ్చింది. ఎనిమిది లైన్లు, రెండు స్టాంజాలు, మొత్తం 34 మాటలు. అందులో హెమ్‌లాక్, గివెన్ అనే రెండు తప్ప మిగతావన్నీ ఒక్క సిలబుల్ మాటలే. బోర్డు మీద పూర్తిగా రాయించి, పిల్లల చేతే ఆ రెండింటి కింద గీత గీయించాను. "ఇంత సులువా మేడమ్!" అన్నారు. మాటలు సులువే. వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆగారు.

"ఈ ఎనిమిది లైన్లలో వాక్యాలెన్ని?" ఒక్కటే. "దాని సబ్జెక్ట్ ఏది?" క్లాసంతా ఒక్క గొంతుతో "క్రో" అంది. మళ్లీ చదవమన్నాను. ద వే ఎ క్రో, షుక్ డౌన్ ఆన్ మి, ద డస్ట్ ఆఫ్ స్నో, ఫ్రమ్ ఎ హెమ్‌లాక్ ట్రీ. కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు, మెల్లిగా "ద వే మేడమ్" అంది. అవును. కవి మనసు మార్చింది కాకి కాదు, మంచు కూడా కాదు. కాకి ఆ మంచుని దులిపిన తీరు. మొదటి స్టాంజా అంతా సబ్జెక్టే. అసలు క్రియ, హాజ్ గివెన్, ఐదో లైన్లో గానీ రాదు. నాలుగు లైన్లపాటు మన మీద మంచు పడుతుంటే చెట్టు కింద నిలబడే ఉంటాం, ఆ తర్వాతే లోపల ఏం జరిగిందో చెబుతాడు. ఇది ఏ టేబుల్లోనూ ఎక్కదు. ఆ అమ్మాయి మాత్రం పట్టేసింది.

తర్వాత రెండో స్టాంజా. హాజ్ గివెన్ మై హార్ట్, ఎ చేంజ్ ఆఫ్ మూడ్, అండ్ సేవ్డ్ సమ్ పార్ట్, ఆఫ్ ఎ డే ఐ హాడ్ రూడ్. పిల్లలు జవాబుల్లో "కవికి రోజంతా సంతోషంగా గడిచింది" అని రాస్తారు. ఆయన అలా అనలేదు. సేవ్డ్ సమ్ పార్ట్ అన్నాడు, కొంత భాగం మాత్రమే దక్కింది. మిగతా రోజు పోయినట్టే. ఇంకోటి కూడా చూడమన్నాను. ఆ రోజు బాగోలేదని మనకి ఎప్పుడు తెలుస్తుంది? చిట్టచివరి మాట రూడ్ (rued) దగ్గర, మొరటు అనే రూడ్ కాదు, నొచ్చుకున్నానని చెప్పే మాట. ఆ మాట వచ్చేదాకా ఇది హాయిగా సాగే శీతాకాలం పోయెమ్ లాగే ఉంటుంది. ఎందుకు బాధపడ్డాడో, ఇంట్లో ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు. చివరి లైను మిగతావాటికంటే కాస్త పొడుగు కూడా, ఆరు సిలబుల్స్. నాకు ఈ పోయెమ్ అంటే ఇన్నేళ్లుగా ఉన్న ఇష్టానికి ఆ చివరి లైనే కారణం. తన బాధని ముందు పెట్టి మన దగ్గర జాలి అడగడు. ముందు దక్కినదేమిటో చెప్పి, పోయినదాన్ని ఆఖర్న ఒక్క మాటలో పెట్టేశాడు.

కాకి గురించి అడిగితే మాత్రం క్లాసు సంతలా అయిపోయింది. కాకి అరిస్తే చుట్టాలొస్తారని ఒకడు. శనీశ్వరుడి వాహనమని ఇంకొకడు. తాతయ్య తద్దినానికి డాబా మీద ముద్ద పెట్టి, కాకి వచ్చేదాకా నాన్నగారు ఎండలో నిలబడ్డారని ఒక పిల్ల చెప్పింది. గైడ్‌లో మాత్రం "కాకి అపశకునానికి సింబల్" అని ఒక్క లైను. నేను అడిగింది ఒకటే. "ఈ పోయెమ్‌లో కాకి ఏం చేసింది?" కొమ్మ మీద కదిలింది, మంచు రాలింది. "కావాలని చేసిందా? ఎగురుతూనా, కూర్చునా?" పోయెమ్‌లో లేదు మేడమ్, అన్నారు. లేనిది లేదని చెప్పడం కూడా చదవడమే అన్నాను. మనిషి మనసు తేలికపడిన సంగతి ఆ కాకికి తెలియను కూడా తెలియదు. అపశకునం అని రాసేసి ముందుకెళ్లిపోతే ఇంత మంచి విషయం జారిపోతుంది.

హెమ్‌లాక్ దగ్గర నాకు నిజంగా పట్టుదల వచ్చింది. పిల్లల దగ్గరున్న గైడ్‌లో అది విషపు చెట్టు, అందుకే దుఃఖానికి సింబల్ అని ఉంది. సోక్రటీస్ తాగిన విషం కూడా ఇదేనని కొందరు నోట్సులో కలిపేసుకున్నారు. క్రీ.పూ. 399లో సోక్రటీస్ చేత తాగించిన హెమ్‌లాక్ చెట్టే కాదు, ఒక మొక్క. తెల్లటి పూలు పూస్తుంది, మన కొత్తిమీర, జీలకర్రల కుటుంబానికి చెందినదే. ఫ్రాస్ట్ పోయెమ్‌లోది ఒక పెద్ద వృక్షం, పైన్ జాతికి దగ్గరిది, సూదుల్లాంటి ఆకులు. అమెరికా తూర్పు వైపు అడవుల్లో పెరుగుతుంది. పెన్సిల్వేనియా రాష్ట్ర వృక్షం కూడా అదే. దానిలో విషం లేదు. పేరు కలిసింది, అంతే.

ఇది బోటనీ పాఠం కాదు కదా అని ఎవరైనా అనుకోవచ్చు. కానీ చెట్టు ఏమిటో తెలిస్తేనే పోయెమ్ తెరుచుకుంటుంది. అక్కడ చలికాలంలో చాలా చెట్లు ఆకులు రాల్చేసి మోడుల్లా నిలబడతాయి. హెమ్‌లాక్ పచ్చగానే ఉంటుంది. ఆకులున్నాయి కాబట్టే వాటి మీద మంచు నిలుస్తుంది, నిలిచింది కాబట్టే కాకి కదిలితే పొడిలా రాలింది. పిల్లల మొహాలు చూస్తే తెలిసిపోయింది, ఆ చెట్టు ఇప్పుడు వాళ్లకి కనపడుతోంది. ఒక వస్తువు దేనికి సింబలో అడిగేముందు అది అసలు ఏమిటో తెలుసుకోవాలి. నేను టీచర్‌గా ఉన్నంతకాలం ఈ మాట చెబుతూనే ఉంటాను.

"మరి పరీక్షలో ఏం రాయాలి మేడమ్? మార్కులు పోతే?" అని టెన్షన్ పడ్డారు. వాళ్ల భయం న్యాయమైనదే. "హెమ్‌లాక్ అనే పేరు వినగానే విషం గుర్తొస్తుంది, ఆ నీడ పోయెమ్ మీద పడుతుంది అని రాయండి. అది నిజం. చెట్టు విషపుది అని మాత్రం రాయకండి" అన్నాను. రెండు ముక్కలకీ తేడా వాళ్లకి బాగానే అందింది.

రైమ్ స్కీమ్ చెబుతుంటే ఒకడు అడ్డుపడ్డాడు. "తెలుగులో ప్రాస అంటే రెండో అక్షరం కదా మేడమ్, ఇక్కడ చివర ఎందుకు?" ఇంగ్లీషు పీరియడ్‌లో తెలుగు గుర్తొచ్చినందుకు నాకు భలే సంతోషం వేసింది. పోతన భాగవతంలోని "ఎవ్వనిచే జనించు" పద్యం వాడి చేతే చెప్పించాను. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం "వ్వ". మన చెవి పాదం మొదట్లోనే కట్టుబడుతుంది, వాళ్ల చెవి లైను చివరిదాకా ఎదురుచూస్తుంది. క్రో, స్నో. మి, ట్రీ. మళ్లీ హార్ట్, పార్ట్. మూడ్, రూడ్. మూడ్ అన్నాక ఇంకో అదే శబ్దం కోసం చెవి ఆగి ఉంటుంది, వచ్చేసరికి అది బాధ మాట అయి కూర్చుంటుంది.

ఇంటర్వెల్‌లో స్టాఫ్‌రూమ్‌లో తెలుగు మాస్టారికి ఈ గోలంతా చెప్పాను. ఆయన నవ్వి, "మా పేపర్లో అలంకారం పేరు రాసినంత మాత్రాన నేను మార్కులు వెయ్యనమ్మా. లక్షణం చెప్పాలి, ఉదాహరణ ఇవ్వాలి, సమన్వయం రాయాలి" అన్నారు. ఉపమేయం ఏది, ఉపమానం ఏది, రెండింటికీ పొత్తు ఎక్కడ కుదిరింది అని విడమరిచి రాసేదే సమన్వయం. అక్కడ బుద్ధిగా అన్నీ రాసే పిల్లలు నా పేపర్లో "మెటఫర్" అని ఒక్క మాట పడేసి ఊరుకుంటున్నారు. రెండో పీరియడ్‌కి వెళ్తూనే బోర్డు మీద పెద్దక్షరాలతో సమన్వయం అని రాశాను. ఇకపై ఇంగ్లీషులోనూ అదే పద్ధతి.

ఆ పద్ధతిలో మొదట చేసింది అమెరికన్ కవి కార్ల్ శాండ్‌బర్గ్ "ఫాగ్". పొగమంచు పిల్లి అడుగులతో వస్తుంది, హార్బర్‌నీ ఊరినీ చూస్తూ కూర్చుంటుంది, తర్వాత కదిలిపోతుంది. 1916 నాటి "షికాగో పోయెమ్స్"లోది. ఆరు లైన్లు, రైమ్ లేదు. షికాగోలో పార్కుకి అడ్డంగా నడిచి వెళ్తూ హార్బర్ మీద పొగమంచు చూశానని, అప్పుడు తన దగ్గర జపాన్ హైకూల, అంటే మూడు పాదాల బుల్లి కవితల, పుస్తకం ఉందని ఆయనే చెప్పుకున్నాడు. ఆరు లైన్లలో ఎందుకు ఆపగలిగాడో దానివల్ల కొంత అర్థమవుతుంది.

హార్బర్, ఊరు అనగానే మా విశాఖ పిల్లలకి వేరే బొమ్మ చూపించక్కర్లేదు. వెనక బెంచీ కుర్రాడి వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకెళ్తారు. వాడు చెప్పాడు: "పొగమంచు పట్టిందంటే పక్క బోటు కనపడదంట మేడమ్, ఇంజన్ చప్పుడు మాత్రం ఎక్కడినుంచో వినపడతాదంట. డాల్ఫిన్స్ నోస్ కొండ కూడా ఉండదంట." క్లాసు నవ్వలేదు, చెవులు రిక్కించి వింది. అప్పుడు అడిగాను, పొగమంచు సైలెంట్ హాంచెస్, అంటే చప్పుడు లేని వెనక కాళ్ల, మీద కూర్చుందని కవి ఎందుకన్నాడు? జవాబు వాడే చెప్పాడు. మంచుకి చప్పుడు ఉండదు, చప్పుడు చేసేవన్నీ దాని లోపలుంటాయి.

పిల్లి ఎలా కూర్చుంటుందో ఒక అమ్మాయి లేచి చూపించింది. వెనక కాళ్లు మడిచి, ముందు కాళ్లు నిలబెట్టి, మెడ ఎత్తి. అలా కూర్చున్న పిల్లి నిద్రకి రాలేదు, ఏ క్షణాన్నైనా లేచిపోతుంది. అందుకే చివరి లైను అండ్ దెన్ మూవ్స్ ఆన్. ఇది పర్సనిఫికేషనా (మనిషి కానిదాన్ని మనిషిలా చెప్పడం), మెటఫరా అని ప్రతి ఏడూ గొడవే. మంచుకి ఇచ్చింది మనిషి కాళ్లు కాదు, పిల్లి కాళ్లు. "లైక్" అనే మాట కూడా లేదు కాబట్టి సిమిలీ కాదు. మొదటి నుంచి చివరిదాకా ఒకే పోలిక సాగింది కాబట్టి ఎక్స్‌టెండెడ్ మెటఫర్ అని రాయమన్నాను, కింద సమన్వయంతో సహా.

మిగిలిన టైములో "అమాండా", "ద ట్రీస్" పోయెమ్స్ గబగబా తిరగేశాం. వాటికి న్యాయం జరగలేదు, గురువారం మళ్లీ చెయ్యాలి.

సాయంత్రం ఇంటికొచ్చి, క్లాసు చివర రాయించిన కాగితాలు దిద్దాను. చాలామంది ఇంకా టేబుల్ గీస్తూనే ఉన్నారు, ఒక్క రోజులో పోయే అలవాటు కాదది. కిటికీ పక్కమ్మాయి మాత్రం ఇంగ్లీషులో తడబడుతూనే మూడు వాక్యాలు రాసింది. కవికి రోజు మొత్తం తిరిగి రాలేదు, కొంచెమే వచ్చింది, ఆ కొంచెం కూడా తనకోసం ఎవరూ చెయ్యలేదు అని. టెన్స్ రెండు చోట్ల తప్పింది. పూర్తి మార్కులు వేసి, టెన్స్ తప్పులు పక్కన పెన్సిల్‌తో దిద్దాను.

రేపు ఫ్రాస్ట్‌దే ఇంకో పోయెమ్, "ఫైర్ అండ్ ఐస్". తొమ్మిది లైన్లు, మూడే మూడు ప్రాసలు. మొదటి ప్రశ్న ఇప్పుడే రాసి పెట్టుకున్నాను: ప్రపంచం నాశనమవడం గురించి మాట్లాడుతూ కవి చివర్లో "సఫైస్", అంటే సరిపోతుంది, అని అంత నెమ్మదైన మాట ఎందుకు వాడాడు?